గడ్డ కట్టిన చప్పుడు

షార్జాలో, విమానాశ్రయం గోడకి ఇవతల
పన్నెండో నంబరు షెడ్డు.
బయట నలభై ఏడు.
లోపల మైనస్ పదకొండు.
మధ్యన ఒక రబ్బరు తలుపు,
దాని పక్కన కొక్కేనికి మా కోట్లు.

మేం ఆరుగురం.
ఎండ తప్ప ఏదీ పండని చోట
మంచు పండిస్తాం.
విమానం రెక్క ముక్కొకటి, మూరెడు పొడవు,
సొరంగంలో బిగించి గాలి వదుల్తాం.
సున్నా దాటి చల్లబడి కూడా
గడ్డకట్టడం మరిచిపోయిన నీటి తుంపర
ఆ గాలిలో కలుపుతాం.
రెక్కని తాకగానే దానికి గుర్తొస్తుంది.

రెక్క అంచున చిటికెన వేలంత పుల్ల.
సెకనుకి నలభై వేలసార్లు వణుకుతుంది,
చలికి కాదు, దాని ఉద్యోగమే అది.
మంచు పేరుకునేకొద్దీ ఒళ్ళు బరువెక్కి
వణుకు రవ్వంత తగ్గుతుంది.
ఆ తగ్గడమే వార్త.
అప్పుడు పైలటు ముందు ఒక పసుపు దీపం వెలగాలి.

చేరిన రోజు హెస్సా మేడం అడిగింది,
ఇంజనీరింగ్ ఎక్కడ చదివావని.
నిజాంపట్నం హార్బరు, ఐసు ఫ్యాక్టరీ, అన్నాను.
పద్నాలుగేళ్ళు. రొయ్యల సీజన్లో నిద్ర లేదు.
ఉప్పునీటి తొట్లో దించిన డబ్బాలని
ఇనప కమ్మీతో తట్టి చెప్పేవాణ్ణి
లోపల గుండె కట్టిందో లేదో.
కట్టని దిమ్మ బొంగురుగా పలుకుతుంది.
కట్టిన దిమ్మ ఖణేల్‌మంటుంది.
ఆవిడ నవ్వలేదు.
కమ్మీ తెచ్చుకో, అంది.

తెల్ల మంచు మంచిది.
బొంబాయి రవ్వ చల్లినట్టు గరుగ్గా
వచ్చానని చెప్పి మరీ వస్తుంది.
గాజు మంచుకి ఆ మర్యాద లేదు.
సున్నాకి రెండే రెండు డిగ్రీల కింద
తడిలా నటిస్తూ, పుల్ల మీద నిలవకుండా జారి
వేడి పట్టీ అయిపోయిన చోటు చూసుకుని
వెనకాల కూర్చుంటుంది.

రంజానుకి ముందు వారం.
కొనేవాళ్ళ మనుషులిద్దరు
అద్దం అవతల, గహ్వా కప్పులతో.
తెర మీద గీత కదల్లేదు.
నలభై వేలు. నలభై వేలు. నలభై వేలు.
ఏమీ లేదంటోంది పుల్ల.
వాళ్ళు తలలూపారు. రొడేలియో బొటనవేలెత్తాడు.
రెక్క నిగనిగలాడుతోంది, ఆముదం రాసినట్టు.
నాకా నిగారింపు నచ్చలేదు.
గాలి ఆపించి లోపలికెళ్ళి కమ్మీతో తట్టాను.
ఖణేల్‌మంది.

హెస్సా మేడం వచ్చింది. గ్లౌజు తీసి గోటితో గీరింది.
గోరు కింద తెల్లటి పొడి.
తడికి పొడి రాలదు.
అక్కడే, వాళ్ళ ఎదుటే,
రిపోర్టులో ఒక్క మాట రాసింది:
పసిగట్టలేదు.

ఆర్డరు పోయింది.
ఆ నెల జీతం రెండు ముక్కలుగా వచ్చింది.
తట్టింది నువ్వే కదా, అని గొణిగాడు జుబేర్ ఖాన్,
వాడి కూతురి స్కూలు ఫీజు ఆ వారమే కట్టాలి.
నేనేమనగలను.
పదిహేను వేల అడుగుల మీద
ఈ పుల్లని నమ్ముకుని టీ తాగే మనిషి
పేరు తెలీదు, ఊరు తెలీదు.
రొయ్యలు తిన్నవాళ్ళ పేర్లూ తెలీవు,
అయినా గుండె కట్టని దిమ్మ
ఏనాడూ లారీ ఎక్కించలేదు.

షిఫ్టు దిగి రబ్బరు తలుపు దాటగానే
కళ్ళజోడు మసకేస్తుంది.
సముద్రపు ఉక్కంతా అద్దాల మీద వాలుతుంది.
చల్లనిది ఎక్కడున్నా
నీళ్ళు వెతుక్కుంటూ వస్తాయి.
ఏమీ కనపడని ఆ నిమిషం
కదలకుండా నిలబడతాను.

గేటు దగ్గర దిల్‌బహదూర్
ఫ్లాస్కు మూత తీసి పట్టుకుంటాడు.
రెక్క అంచు వంపు తిరిగిన ముక్కొకటి
అందులో వేస్తాను.
దీనికి రుచే లేదంటాడు. రోజూ అడుగుతాడు.
నీళ్ళలో పడ్డ మంచు టప్పున చిట్లుతుంది.
ఇద్దరం వింటాం.

రేపు మళ్ళీ
మైనస్ రెండు దగ్గర్నించి.